మా షెడ్డు మాట్లాడ్డం నేర్చుకున్న రోజులు

బస్సు సీట్లకి తొడుగులు కుట్టే పనిలో అంత సంబరపడేది ఏముందని మా ఇంట్లోవాళ్ళే అడుగుతారు. ఉంది. ఆ ఒక్క ఏడాది గురించి చెప్పమంటే నాకు ఇప్పటికీ మాట మీద మాట తోసుకొచ్చేస్తుంది.

మా షెడ్డు బెంగాల్లోని మా రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో, బస్సులు తిరిగే రోడ్డుకి వెనక సందులో ఉంది. రేకుల కప్పు, ఏడు మిషన్లు, కత్తిరించడానికి ఓ పొడుగాటి బల్ల, గోడ వారన నిలబెట్టిన రెగ్జిన్ చుట్టలు. పన్నెండు మందిమి. షావుకారుగారి పెద్దలు ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి గోల్ బజార్‌లో బట్టల కొట్టు పెట్టారు. ఈయన దానికి రెగ్జిన్ వ్యాపారం కలిపి, ఆ తర్వాత ఈ షెడ్డు వేశాడు. నేను పుట్టింది ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో. పెళ్ళయ్యాక న్యూ సెటిల్‌మెంట్‌కి మారాను. అక్కణ్ణుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ ఇందా వచ్చి మిషను మీద కూర్చునేదాన్ని. అప్పటికి ఎనిమిదేళ్ళుగా అదే పని.

షావుకారుగారు చెడ్డమనిషి కాదు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ కారియర్లో భోజనం పంపించాడు. దసరాకి, అదే ఇక్కడి పూజల పండగకి, అందరికీ కొత్త బట్టలు పెట్టేవాడు. కాని షెడ్డులో నోరు ఆయనదొక్కడిదే. "చెప్పింది కుట్టండి. ఆలోచించే పని నాది" అనేవాడు. మా నెత్తినున్న బరువు తనే మోస్తున్నట్టు, గర్వంగా అనేవాడు. నిజం చెప్పాలంటే నాకూ అది హాయిగానే ఉండేది. కాళ్ళూ చేతులూ అరిగినా బుర్ర అరగదు.

అప్పుడొచ్చింది పది బస్సుల ఆర్డరు. ఒకే ఓనరు, పదీ కొత్త బస్సులు. మేం అంతకుముందు మూడు బస్సులకి మించి ఒకేసారి కుట్టింది లేదు. షావుకారుగారు స్వయంగా వెళ్ళి కొలతలు తీసుకొచ్చి, అట్టతో నమూనా కోసి బల్ల మీద పెట్టాడు.

తప్పు ఆ అట్టలోనే ఉంది. బస్సులో నడిచే దారికి రెండు పక్కలా సీట్లుంటాయి కదా. నిలబడ్డవాళ్ళు పట్టుకోడానికి ప్రతి సీటు వీపుకీ పైమూల ఓ ఇనప పిడి ఉంటుంది. అది ఎప్పుడూ దారి వైపే ఉండాలి. అంటే ఎడమ వరస సీట్లకి కుడి మూల, కుడి వరస సీట్లకి ఎడమ మూల. పిడి బయటికి రావడానికి తొడుగులో చీలిక పెట్టాలి. షావుకారుగారి అట్టలో చీలిక కుడి మూల మాత్రమే ఉంది. అట్ట ఒక్కటే. రెండోది లేదు.

మా కటింగ్ మాస్టరు ఓ బెంగాలీ పెద్దాయన. అందరం దాదా అనేవాళ్ళం. ఆయన అట్టని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నా వైపు చూశాడు. నేను పక్క మిషనావిడ వైపు, అందరం దీదీ అని పిలిచే ఆవిడ వైపు చూశాను. దీదీ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంది. దాదా కత్తెర తీశాడు. ఆరు రోజులు కుట్టాం. నాలుగు బస్సులకి సరిపడా తొడుగులు, అన్నిటికీ కుడి మూలే చీలిక.

బిగించడానికి వెళ్ళినరోజు సగం సీట్లకి చీలిక కిటికీ వైపు నోరు తెరుచుకుని ఉంది. దారి వైపున పిడి రెగ్జిన్ కింద బొప్పిలా ఉబ్బింది. తిరగేసి తొడుగుదామంటే వెనకవైపు వల జేబు ఉంది, కుదరదు. బస్సుల ఓనరు అరవలేదు, తిట్టలేదు. "ఇంతమంది కుట్టారు. ఒక్కరికీ కళ్ళు లేవా?" అన్నాడట హిందీలో. ఈ నాలుగింటికీ తప్పు దిద్ది ఇమ్మని చెప్పి, మిగతా ఆరు బస్సులూ వేరే ఎవరికో ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున షావుకారుగారు మిషన్లు ఆపించి అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది మొహం.

"ఈ సంగతి కుట్టేటప్పుడు ఎవరికైనా తట్టిందా?" అన్నాడు.

ఫ్యాను ఒక్కటే కిరకిరమంటోంది. ఇంకో నిమిషం గడిస్తే ఆయన వెళ్ళిపోతాడు, మేం మళ్ళీ కుట్టుకుంటాం, అంతే. ఏమైందో తెలీదు, నోరు తెరిచేశాను.

"అందరికీ తెలుసండి."

"అందరికీనా?"

"అట్ట బల్ల మీద పెట్టినప్పుడే సూసినాం అండి. దాదా సూసినాడు, దీదీ సూసింది, నేనూ సూసినాను."

"మరి ఒక్కళ్ళయినా చెప్పలేదేం?"

"మీరు అడగలేదండి."

దీదీ నా కొంగు పట్టి లాగింది. షావుకారుగారు పక్కన నేల మీదున్న రెగ్జిన్ చుట్ట మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మా నాన్నకి చెప్పాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. "షావుకారికి ఎదురు సెప్పినావా? ఇంకా పని ఉందేటమ్మా నీకు?" అన్నాడు.

"ఏమో నాన్నా. రేపు ఎల్లి సూస్తాను."

భయం వెయ్యాల్సింది, వెయ్యలేదు. ఆ రోజు సైకిలు నా ప్రమేయం లేకుండా తనే పరిగెత్తినట్టు అనిపించింది.

రెండు రోజులు షావుకారుగారు రాలేదు. మూడో రోజు కోడలిని వెంటపెట్టుకుని వచ్చాడు. ఆవిడ కామర్స్ చదువుకుంది. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఏదో ఆఫీసులో పనిచేసిందట. బట్టల కొట్టులో ఫోను ఆర్డర్లు చూసేది, షెడ్డుకి రావడం అదే మొదలు. షావుకారుగారు ఆవిణ్ణి లోపలికి పంపి, తను గుమ్మం బయట నిలబడ్డాడు.

ఆవిడ మాకు పాఠం చెప్పబోతోందని అనుకున్నాం. చెప్పలేదు. కొలతలు గీసుకునే సుద్దముక్క తీసుకుని, బల్ల మీద పరిచిన నల్ల రెగ్జిన్ మీద నాలుగు గళ్ళు గీసింది.

"పని జరిగే చోట్లు రకరకాలుగా ఉంటాయి. కొన్ని ఇల్లులా నడుస్తాయి, ఒకరికొకరు ఆసరాగా. కొన్ని సర్కారు కచేరీలా, రూలు ప్రకారం, కాయితం మీద సంతకం పడ్డాకే కదులుతాయి. కొన్ని పందెంలా, ఎవరు ముందు గెలిస్తే వాళ్ళదే పైచెయ్యి. ఇంకొన్ని ఆటలా, రోజూ కొత్తగా చేసి చూడ్డం, పాడైతే మళ్ళీ చెయ్యడం. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని కాదు. చేసే పనికి ఏది నప్పుతుందన్నదే లెక్క. మరి మనది ఏది?"

నాకు చప్పున నాన్న గుర్తొచ్చాడు. "మా దగ్గర కాయితం లేకుండా బోల్టు కదలదు" అని ఆయన ఎంత గర్వంగా చెప్పేవాడో! చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. కాని వేలమంది ఎక్కే బండి చక్రం దగ్గర 'చేసి చూద్దాం' అంటే కుదురుతుందా? అక్కడికి అదే సరైనది. మరి మాకు? అలాంటి ప్రశ్న ఒకటుంటుందని నాకు ఎనిమిదేళ్ళలో తట్టనే లేదు.

దాదా గొంతు సవరించుకుని, "ఇల్లు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మా మధ్య ఉండి తెలుగు బాగానే పట్టుబడింది ఆయనకి.

దీదీ తల ఎత్తకుండానే అంది: "ఇల్లే. కాకపోతే అత్తారిల్లు."

ఎవరు మొదలుపెట్టారో తెలీదు, పన్నెండు మందిమీ పగలబడి నవ్వాం. కోడలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ ఉంటున్నదీ అత్తారిల్లే కదా! అప్పుడు గుమ్మం వైపు చూశాం. షావుకారుగారు అన్నీ విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెల్లిగా లోపలికి వచ్చి, "సరే. ఏం మార్చాలో చెప్పండి" అన్నాడు.

"మనం ఇప్పుడు మారేది మంచి పేరు కోసం కాదు మామయ్యగారూ" అంది ఆవిడ మా అందరి ముందే. "ఆర్డర్లు పోతున్నాయి కాబట్టి. ఈ మాట వీళ్ళకి తెలిస్తేనే మంచిది."

ఆ రోజు కొత్త పద్ధతి పెట్టారు. ఏ ఆర్డరైనా మొదట ఒక్క తొడుగే కుట్టాలి. దాన్ని సీటుకి తొడిగి మధ్యలో పెట్టాలి. పొద్దున పది నిమిషాలు అందరూ దాని చుట్టూ నిలబడి, తలా ఒక మాట చెప్పాలి. అది అయ్యేదాకా రెండో ముక్క కత్తిరించకూడదు.

మొదటి రోజు ఓ డాక్టరుగారి క్లినిక్కుకి బెంచీ తొడుగు. షావుకారుగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరం చెప్పాం. "బాగుందండి." "బాగుందండి." "చాలా బాగుందండి." పన్నెండు మందీ అదే మాట. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయనకి ఒళ్ళు మండి, "ఒక్క తప్పయినా లేదా?" అని అరిచాడు. దాంతో చెప్దామనుకున్న ఒకటీ రెండు మాటలు కూడా మింగేశాం.

కోడలమ్మగారు ఆయన్ని బయటికి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. నాలుగో రోజు ఆ పది నిమిషాలూ ఆయన సందు చివర టీ కొట్టులో కూర్చున్నాడు. ఆ పది నిమిషాలు అరగంట అయింది! జిప్పు నాసిరకం అని ఒకరు, ఫోము రెండు నెలల్లో కుంగిపోతుందని ఒకరు, ఆరో మిషను కింద వెలుతురు లేదని ఇంకొకరు. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచుకున్నామో! కోడలమ్మగారు రాస్తూ రాస్తూ చెయ్యి విదిలించుకుంది. వారం గడిచాక షావుకారుగారు లోపల కూర్చోవచ్చని కోడలమ్మగారు ఒప్పుకుంది. షరతు ఒకటే, వెనక స్టూలు మీద కూర్చోవాలి, మాట్లాడకూడదు. పాపం, ఆయన నోటినిండా వక్కపొడి వేసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని కూర్చునేవాడు. మాట బయటికి రాకుండా అదే తాళం.

అన్నీ ఇలా నవ్వుతూ జరగలేదు. ఒకరోజు ఎవరో "కటింగు అర అంగుళం పక్కకి పోయింది" అన్నారు. దాదా కత్తెర బల్ల మీద పెట్టేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు. ఆయన లేకపోతే షెడ్డే లేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఇందాలోనే, మార్కెట్టు దాటాక చిన్న ఇల్లు. వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. నాకూ ఓ కప్పు ఇప్పించాడు.

"నా కత్తెరకి తప్పు పెడతారా?" అన్నాడు.

"అట్టలో తప్పు మీకు ముందే కనిపించింది కదా దాదా. మరి మీరెందుకు సెప్పలేదు?"

కప్పు కింద పెట్టాడు. "కలకత్తాలో నా మొదటి మాస్టరుకి ఒకసారి చెప్పాను, ఇది తప్పని. అందరి ముందు చెంప పగలగొట్టాడు. ఆ రోజు నోరు మూసుకున్నాను. నలభై ఏళ్ళయింది. ఇప్పుడు తెరవమంటే తుప్పు పట్టిన తాళం, ఎలా తెరుచుకుంటుంది చెప్పు?"

షెడ్డులో అందరికన్నా ముందు తప్పు కనిపెట్టే కళ్ళు ఆయనవి. ఆ కళ్ళు చూసింది నలభై ఏళ్ళు ఎవరికీ అందలేదు.

"తప్పు అనొద్దు దాదా. మాట అందాం. రేపటి మాట మీరే మొదట సెప్పండి" అన్నాను.

మర్నాడు వచ్చాడు. నమూనా తొడుగు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. షావుకారుగారి వైపు చూడకుండా అన్నాడు: "ఈ అర అంగుళం నాదే. కత్తెర మొండిబారింది, కొత్తది కావాలి." వెనక స్టూలు మీంచి వక్కపొడి మింగిన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి కొత్త కత్తెర వచ్చింది.

వానలు వెనకబట్టాక ఓ రోజు ఫోను. ఆ బస్సుల ఓనరే! వేరేవాళ్ళు కుట్టిన తొడుగులు రెండు నెలల్లో కుట్ల దగ్గర పిగిలిపోయాయట. పూజల పండగ రద్దీకి ఐదు రోజులే ఉన్నాయి. ఆరు బస్సులు. "చేస్తారా? కళ్ళు తెరుచుకుని చేస్తారా?" అన్నాడట.

షావుకారుగారు ఒప్పుకునే ముందు ఫోను చేత్తో మూసి, మా వైపు తిరిగి, "ఏమంటారు?" అని అడిగాడు. మమ్మల్ని! అరుపులూ కేకలూ. ఆ గోలే జవాబనుకుని ఆయన సరేనన్నాడు.

షెడ్డులో నమూనా చూస్తే చాలదని దీదీ అంది. "బస్సెక్కి చూద్దాం. కూర్చునేది మనలాంటివాళ్ళే కదా." అంతే, పన్నెండు మందిమీ నమూనాగా కుట్టిన రెండు తొడుగులు చేత పట్టుకుని బస్సులు ఆగే చోటికి ఊరేగింపులా నడిచాం. ఖాళీ బస్సెక్కి, ఒకటి ఎడమ వరస సీటుకి, ఒకటి కుడి వరస సీటుకి తొడిగాం. ఒకరి తర్వాత ఒకరం కూర్చున్నాం, లేచాం, నిలబడి పిడి పట్టుకున్నాం. దాదా అయితే కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు తల వాల్చి చూశాడు. దీదీ లేవబోతే చీర కుచ్చిళ్ళు సీటు అంచున తాడులా ఉబ్బెత్తుగా కుట్టిన పైపింగ్‌కి పట్టుకున్నాయి. "ఇదిగో! రోజూ నా చీరలు చిరిగేది ఇందుకే!" అని కేక పెట్టింది. పైపింగ్ లోపలికి మడిచి కుట్టాలని అక్కడే తేల్చాం. వెనక జేబు రెండు వేళ్ళు పైకి జరపాలన్నాను నేను, మోకాళ్ళు తగలకుండా. దాదా జేబులోంచి సుద్ద తీసి అక్కడే గీత గీశాడు.

అప్పుడు వెనక సీట్లోంచి ఓ చెయ్యి లేచింది. మా వెనకే వచ్చిన షావుకారుగారిది.

"నేనూ ఒక మాట చెప్పొచ్చా?"

"సెప్పండి" అన్నాం.

"తల ఆనే చోట మన కొట్టు పేరు బంగారు రంగు అక్షరాల్లో అచ్చు వేయిద్దామని."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేనే అన్నాను: "తలనూనె అంటితే వారానికే నల్లబడిపోద్దండి. పేరు జిడ్డోడుతూ కనిపిస్తే మంచిదేటి?"

ఆయన ఆలోచించాడు. "అదీ నిజమే. వద్దులే" అన్నాడు. అంతే. ఆకాశం విరిగిపడలేదు. షావుకారుగారి మాట కాదన్నాం, ఆయన సరే అన్నాడు. నాకు బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి దారినపోయే ఆటోవాళ్ళందరికీ చెప్పాలనిపించింది.

ఆ ఐదు రోజులు ఎలా గడిచాయో! మిషన్ల చప్పుడులో చప్పుడుగా మాటలు. ఎడమ అట్ట ఎర్ర సుద్దతో, కుడి అట్ట నీలం సుద్దతో గుర్తుపెట్టాం. దారం అయిపోతోందని ఒకరు ముందే చెప్పడం, సూది విరిగితే పక్కవాళ్ళు లేచి ఇవ్వడం. ఐదో రోజు సాయంత్రం ఆరో బస్సుకి ఆఖరి తొడుగు బిగించి దిగేసరికి ఓనరు వచ్చాడు. ఎడమ వరస పిడి పట్టుకున్నాడు, కుడి వరస పిడి పట్టుకున్నాడు. "ఠీక్ హై" అన్నాడు. ఆ రెండు మాటలకే దీదీ నన్ను గట్టిగా వాటేసుకుంది.

అందరికీ ఈ మార్పు నచ్చిందని చెప్పను. ఇద్దరు మానేశారు. "కుట్టించుకోండి, అంతేగాని పొద్దున్నే మాట్లాడమని ప్రాణం తియ్యొద్దు" అన్నారు. వాళ్ళనీ తప్పుపట్టలేను, నోరు విప్పడమూ ఓ చాకిరీయే. షావుకారుగారు ఇప్పటికీ అప్పుడప్పుడు అరుస్తాడు. తర్వాత గుర్తొచ్చి, వక్కపొడి డబ్బా కోసం జేబు తడుముకుంటాడు. నమూనా చూసే పని ఇప్పుడు నాది. కోడలమ్మగారు వారానికి రెండు రోజులు షెడ్డులోనే కూర్చుంటుంది.

పండగ వెళ్ళాక ఓ ఆదివారం పక్క ఊరు మిద్నాపూర్‌లో పని ఉండి బస్సెక్కాను. చూస్తే మా బస్సే! దారి పక్క సీట్లో కూర్చున్నాను. నా పక్కనావిడ, బెంగాలీ అమ్మ, కూరల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని వెనక్కి ఆని కూర్చుంది. ఊరు దాటేదాకా ఆగాను. ఇక ఉండబట్టలేక బెంగాలీలో చెప్పేశాను: "ఈ సీటు మేమే కుట్టాం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సీటు అంచు తడిమింది. జేబు చూసింది.

"బాగుంది. కాని నీళ్ళ సీసా ఈ జేబులో పెడితే బస్సు కుదుపుకి పడిపోతోంది. ఒక పట్టీ కుట్టకూడదూ?"

"పట్టీయా! ఎంత వెడల్పు ఉండాలంటారు?" అన్నాను, సంచీలో కాయితం వెతుక్కుంటూ. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. తర్వాత కాసేపు ఆలోచించి, మూడు చూపించింది.